తాగుడు మానే మనిషికీ, ఆ ఇంటికీ: బెంగళూరులో కౌన్సెలింగ్‌ను ఎలా మొదలుపెట్టాలి, ఎలా కొనసాగించాలి

వ్యసనానికి చికిత్స గురించి వాకబు చేసే తెలుగు కుటుంబాలు బెంగళూరులో ముందుగా అడిగే మాట దాదాపు ఒకటే: "మావాడు డాక్టరు దగ్గరికి రానంటున్నాడు, ఏం చేయమంటారు?" అతను ఒప్పుకునేదాకా మీరు ఆగనక్కర్లేదు, ముందు మీరే వెళ్లండి అన్నదే దానికి సరైన జవాబు. తాగే మనిషి ఒకడే అయినా, అతని చుట్టూ ఉన్నవాళ్ల నిద్ర, తిండి, డబ్బు లెక్కలు, పిల్లల చదువు, అబద్ధాలతో నెట్టుకొచ్చే బంధుత్వాలు అన్నీ ఆ తాగుడుకు అనుగుణంగా మారిపోయి ఉంటాయి. కాబట్టి అతన్ని ఒక్కణ్ణే ఆసుపత్రిలో చేర్పించి, బాగుచేసి ఇంటికి పంపితే, ఏమీ మారని ఆ ఇంట్లో అతను పాత మనిషిగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. సమగ్ర కౌన్సెలింగ్ అనే మాటకు ఈ వ్యాసంలో అర్థం ఇదే: శరీరానికి వైద్యం, మనసుకు చికిత్స, ఇంట్లోవాళ్లకు విడిగా సహాయం, డబ్బూ ఉద్యోగాల సంగతి, ఆ మనిషికి విశ్వాసం ఉంటే దానికీ చోటు, ఇవన్నీ ఒకదాని గురించి ఒకటి తెలుసుకుంటూ నడవడం. ఆ పేరుతో రసాలు, పొడులు అమ్మేవాళ్లకూ దీనికీ సంబంధం లేదు.

మనదేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచి, వాళ్లను చికిత్సలో భాగస్వాములను చేశారు. ఆ పద్ధతిని తర్వాత వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల (సీఎంసీ), బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తమ తమ తీరులో అందిపుచ్చుకున్నాయి. చెన్నైలో భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో ప్రారంభించిన, వ్యసనాలకు చికిత్స చేసే టీటీకే ఆసుపత్రి కూడా మొదటినుంచీ కుటుంబానికి ప్రత్యేకమైన చోటు కల్పించింది.

ముందు శరీరం, ఆ తర్వాతే మాటలు

రోజూ తాగే మనిషిని ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదకరం. ఈ సంగతి తెలియక, ఒట్టు వేయించుకునో గదిలో పెట్టి తాళం వేసో మాన్పించబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్న ఇళ్లు ఉన్నాయి. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతుల వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి, గుండెదడ మొదలవుతాయి. 12 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి తీవ్రమైన మతిభ్రమ వస్తుంది: ఎక్కడున్నాడో తెలియదు, లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, రక్తపోటు అదుపు తప్పుతుంది. వైద్యం అందకపోతే ఈ దశలో మరణం సంభవించవచ్చు. "మానేసిన మూడోరోజు పిచ్చెక్కింది" అని బంధువులు చెప్పుకునేది చాలాసార్లు ఇదే.

ఈ రోజులను సురక్షితంగా దాటించడానికి డాక్టర్లు డయాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ వంటి మందులను ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గిస్తారు, మెదడు దెబ్బతినకుండా థయామిన్ అనే బీ1 విటమిన్‌ను తరచూ ఇంజక్షన్‌గా ఇస్తారు. వీటిని మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఇంట్లో వాడకూడదు. మోతాదు తప్పితే వీటికే అలవాటు పడే ప్రమాదమూ, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదమూ ఉన్నాయి. లోగడ మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, వయసు మీద పడినవాళ్లు ఆసుపత్రిలో చేరే మానాలి. హెరాయిన్ వంటి మత్తుమందులు, మత్తు కలిగించే నొప్పి మాత్రల విషయంలో ప్రమాదం మరో చోట ఉంటుంది. కొన్ని వారాలు మానిన మనిషి మళ్లీ పాత మోతాదే తీసుకుంటే, శరీరం అప్పటికే ఆ తట్టుకునే శక్తిని కోల్పోయి ఉంటుంది కనుక, ప్రాణం పోవచ్చు. చికిత్స నుంచి ఇంటికి వచ్చిన తొలి వారాల్లో దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

తాగుడు ఎంతవరకు ముదిరిందో అంచనా వేసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం ఉంది. మొత్తం 40 మార్కుల్లో 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే హానికరమైన తాగుడు, 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే బానిసత్వం ఉండే అవకాశం ఎక్కువ అని అర్థం. ఇది డాక్టరుకు ప్రత్యామ్నాయం కాదు గానీ, "నేనేం బానిసను కాను, శని ఆదివారాలే తాగుతాను" అనే మనిషి తనంతట తాను నింపుకుని చూసుకున్నప్పుడు ఆ అంకె చేసే పని, ఇంట్లోవాళ్ల వాదన చేయలేదు.

అతను రానంటే

ప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. రానంటున్నవాడు మీ ఇంట్లో ఒక్కడే కాదని ఆ అంకె చెబుతుంది. అలాంటివాళ్ల కుటుంబాల కోసం అమెరికాలో రాబర్ట్ మేయర్స్ క్రాఫ్ట్ అనే శిక్షణ పద్ధతిని రూపొందించారు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ శిక్షణ పొందిన కుటుంబాలు చికిత్సకు ససేమిరా అన్నవాళ్లలో 64 శాతం మందిని ఒప్పించగలిగాయి. అందరూ ఒకేసారి చుట్టూ కూర్చుని నిలదీసే పద్ధతిలో ఒప్పుకున్నది 30 శాతమే. మన ఇళ్లలో పెద్దమనుషుల పంచాయితీ పెట్టి, మేనమామను ఊరి నుంచి పిలిపించి, అందరి ముందూ తిట్టించడం ఈ రెండో పద్ధతికి దగ్గరి చుట్టమే.

క్రాఫ్ట్‌లో నేర్పేవి వినడానికి తేలిక, చేయడానికి కష్టం. తాగి ఉన్నప్పుడు వాదించకూడదు, ఏడవకూడదు, ఒట్లు వేయించుకోకూడదు; ఆ రాత్రి ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుకోవడం ఒక్కటే పని. తాగకుండా ఉన్న సాయంత్రం మాత్రం ఇల్లు అతనికి సుఖంగా ఉండాలి: ఇష్టమైన కూర, పిల్లలతో కలిసి చెరువు గట్టున నడక, మామూలు మాటలు. "ఈ ఒక్కరోజు తాగకపోతే ఏదో ఘనకార్యం చేసినట్టు" అనే ఎత్తిపొడుపు నోటి దాకా వచ్చినా మింగేయాలి. ఇక తాగుడు వల్ల వచ్చే నష్టాన్ని అతనే అనుభవించనివ్వాలి. ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరం అని చెప్పడం, వైన్ షాపు బాకీ తీర్చడం, వాంతిని తెల్లారకముందే కడిగేయడం, పక్క ఫ్లాటువాళ్ల ముందు కథలల్లడం ఆపేయాలి. ప్రాణాపాయం, పిల్లల భద్రత ఉన్నచోట ఈ సూత్రం వర్తించదని వేరే చెప్పనక్కర్లేదు.

మాట్లాడే సమయం కూడా ఎంచుకోవాల్సిందే. తాగిన మర్నాటి ఉదయం, తలనొప్పీ సిగ్గూ రెండూ ఉన్నప్పుడు, నిందలు లేని రెండు మూడు వాక్యాలు చాలు. "నిన్న రాత్రి మీరు గేటు దగ్గర పడిపోయారండీ. బాబు చూసి భయపడ్డాడు, నాకూ భయమేసింది. గురువారం నేను డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, నాతో పాటు ఒక్కసారి రండి" అనడంలో అబద్ధం లేదు, బెదిరింపు లేదు, తలుపు మాత్రం తెరిచి ఉంది. కొడుకైతే తల్లి "నాన్నా, నిన్ను మార్చడానికి కాదురా, నాకే నిద్ర పట్టడం లేదని వెళ్తున్నా, నువ్వూ తోడు రా" అనవచ్చు. కాదంటే ఆ రోజుకు వదిలేయాలి. అప్పాయింట్‌మెంట్ మాత్రం ముందే తీసుకుని ఉండాలి, ఎందుకంటే "సరే వస్తాను" అన్న మనిషి మనసు మూడు రోజుల తర్వాత కూడా అలాగే ఉంటుందని చెప్పలేం.

"పెళ్లి చేస్తే దారిలో పడతాడు" అనే సలహా ఇప్పటికీ మన బంధువర్గాల్లో బతికే ఉంది. అది చికిత్స కాదు, ఇంకొక మనిషిని ఆ రొంపిలోకి దింపడం.

ఎక్కడికి వెళ్లాలి, ఏం చూసుకోవాలి

బెంగళూరులో ఉన్నవాళ్లకు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో వ్యసన వైద్యానికి ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడ మందులు రాసే సైకియాట్రిస్టులు, మాటల ద్వారా చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఒకే చోట పనిచేస్తారు. ఉదయమే ఓపీకి చేరుకోవాలి, గుర్తింపు కార్డు, పాత మందుల చీటీలు, బీపీఎల్ కార్డు ఉంటే అదీ వెంట తీసుకెళ్లాలి. రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు ఉండాలని ముందే అనుకుని వెళ్లండి. కోరమంగళలోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రి, ఇతర వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాల్లో కూడా ఈ చికిత్స దొరుకుతుంది. ఇంటి నుంచి కదలలేని పరిస్థితిలో, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు పదార్థాల విషయంలో సాయానికి 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది.

భాష సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కౌన్సెలింగ్‌లో అదే సగం పని చేస్తుంది. ఆఫీసులో ఇంగ్లీషు, కూరగాయల బండి దగ్గర కన్నడ ధారాళంగా మాట్లాడే మనిషి కూడా, తండ్రి తనను కొట్టిన సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుగులోనే చెప్పగలడు. అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి ఏళ్ల తరబడి రోగులు వస్తున్నందువల్ల బెంగళూరు ఆసుపత్రుల్లో తెలుగు తెలిసినవాళ్లు దొరకడం కష్టం కాదు. నమోదు చేసుకునేటప్పుడే "తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ కావాలి" అని అడగాలి. అత్తగారికో మామగారికో ఇంట్లోవాళ్లే అనువాదం చేసే ఏర్పాటు వద్దు. కోడలు అనువదిస్తుంటే అత్తగారు అసలు మాట ఎలా చెబుతుంది?

విడిగా కౌన్సెలర్‌ను ఎంచుకునేవాళ్లు ఆయన చదువు అడగడానికి మొహమాటపడకూడదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, నమోదు సంఖ్య ఉంటుంది. వ్యసనం కేసులు ఎంతకాలంగా చూస్తున్నారు, మందులు అవసరమైతే ఏ సైకియాట్రిస్టుతో కలిసి పనిచేస్తారు, కుటుంబాన్ని ఎన్నో సిట్టింగులో పిలుస్తారు, మళ్లీ తాగి వస్తే ఏం చేస్తారు అని అడగండి. చివరి ప్రశ్నకు "మా దగ్గర అలా జరగదు" అన్నవాళ్ల దగ్గర నుంచి లేచి రావడం మంచిది. నూటికి నూరు శాతం నయం చేస్తామని హామీ ఇచ్చేవాళ్లూ ఆ కోవలోనివాళ్లే.

ప్రైవేటు పునరావాస కేంద్రాల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. వీటిలో నిజంగా మంచివి ఉన్నాయి. మనిషిని వ్యానులో ఎత్తుకొచ్చి నెలల తరబడి బంధించేవీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే చూస్తుంది. కనుక అలాంటివాళ్లను చేర్చుకుని చికిత్స చేసే కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. రోగిని గొలుసులతో కట్టకూడదు, బలవంతంగా గుండు చేయకూడదు, సందర్శకులను కలిసే హక్కునూ ఫోన్‌లో మాట్లాడే హక్కునూ కాలరాయకూడదు. మనిషి ఇష్టపడకపోయినా చేర్చుకోవాల్సిన పరిస్థితి, అంటే తనకో ఇతరులకో హాని చేసే ప్రమాదం వంటిది ఉన్నప్పుడు, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఒప్పుకుంటే 89వ సెక్షను కింద గరిష్ఠంగా 30 రోజులు చేర్చుకోవచ్చు; ఆపైన ఉంచాలంటే వేరే విధానం పాటించాలి. "మూడు నెలలు మీరు రావద్దు, ఫోన్ చేయొద్దు, డబ్బు మాత్రం నెలనెలా వేయండి" అనే కేంద్రానికి మనిషిని అప్పగించకండి. ముందుగా ఒకసారి వెళ్లి వంటగది, మరుగుదొడ్లు చూడండి, రాత్రిపూట డాక్టరు ఎవరు ఉంటారో కనుక్కోండి.

గదిలో జరిగేది

మొదటి ఒకటి రెండు సిట్టింగులు సాధారణంగా ప్రశ్నలతోనే గడుస్తాయి. ఎప్పుడు మొదలైంది, ఎంత, ఎవరితో, మానడానికి ఇంతకుముందు ఏం చేశారు, నిద్ర ఎలా ఉంది, చనిపోవాలనే ఆలోచన వచ్చిందా అని అడుగుతారు. చివరి ప్రశ్నకు కంగారు పడకూడదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. దిగులు, ఆందోళన ఉన్నాయా లేదా అనేది తాగుడు ఆపిన రెండు మూడు వారాల తర్వాతే స్పష్టంగా తెలుస్తుంది కనుక, అప్పుడు మళ్లీ అంచనా వేయమని అడగాలి.

అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతిలో కౌన్సెలర్ ఉపదేశం చేయడు. మానాలనీ వద్దనీ రెండు మనసులతో ఉన్న మనిషి చేతనే, మానడానికి కారణాలను చెప్పిస్తాడు. ఇంట్లోవాళ్లకు ఇది మొదట్లో నచ్చదు; "మేం డబ్బు కడితే, ఈయన వాణ్ణి నాలుగు చివాట్లు పెట్టకుండా కబుర్లు చెబుతున్నాడేమిటి" అనిపిస్తుంది. చివాట్లు ఇంట్లో పదేళ్లుగా పడుతూనే ఉన్నాయన్నది అక్కడ గుర్తు చేసుకోవాలి. తర్వాత తాగాలనిపించే సందర్భాలను పట్టుకుని, వాటిని దాటే నైపుణ్యాలు నేర్పుతారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగు స్థితుల్లో జారిపోయే ప్రమాదం ఎక్కువ. తాగాలనే కోరిక ఎంత గట్టిగా వచ్చినా, సాధారణంగా అరగంట లోపే తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట ఎవరికి ఫోన్ చేయాలి, ఏ దారిన నడవాలి అనేది ముందే రాసి జేబులో పెట్టుకోవాలి. మారతహళ్లిలో పీజీలో ఉండే కుర్రాడికి ప్రమాదకరమైన వేళ శుక్రవారం సాయంత్రం అయితే, మేస్త్రీ పనికి వెళ్లే మనిషికి శనివారం కూలీ చేతికొచ్చే గంట.

భార్యకో తల్లికో విడి సిట్టింగులు తప్పనిసరి. అతని గురించి ఫిర్యాదులు చెప్పుకోవడానికి కాదు అవి, ఆమె గురించి. జేబులు వెతకడం, నోరు వాసన చూడడం, ఫోన్ చెక్ చేయడం ఆమె పూర్తికాలం ఉద్యోగంగా మారి ఉంటుంది. అతను మానేశాక కూడా ఆ కాపలా ఆగదు, నిజానికి పెరుగుతుంది. ఆమెకు నిద్రలేమి, దిగులు ఉంటే వాటికి ఆమె పేరు మీదే ఓపీ చీటీ రాయించాలి. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో ఏర్పడిన అల్‌-అనాన్ బృందాల్లో చెప్పేది ఇదే: ఈ జబ్బుకు కారణం మీరు కాదు, అదుపు చేయడం మీ చేతిలో లేదు, నయం చేయడమూ మీ చేతిలో లేదు. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ సమావేశాలు, తాగుడు మానాలనుకునే వాళ్లవి. బెంగళూరులో చాలా పేటల్లో జరుగుతాయి, రుసుము ఉండదు. అవి అందరికీ సరిపడవు, కానీ నాలుగైదు సమావేశాలకు వెళ్లకుండానే సరిపడవని తేల్చేయకూడదు.

భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టేది కొంత నిలకడ వచ్చాకే. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో అయితే ఉమ్మడి కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టకూడదు. గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక శిక్ష పడవచ్చు. ముందు ఆమె భద్రత చూడాలి: 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ ఉత్తర్వు. "తాగినప్పుడే కొడతాడు, మామూలుగా దేవుడు" అనే మాటను కౌన్సెలర్ దగ్గర దాచకుండా అలాగే చెప్పాలి.

పిల్లలకు ఏమీ తెలియదనుకోవడం పెద్దవాళ్ల భ్రమ. పదేళ్ల పాప తాళం చెవి చప్పుడును బట్టి నాన్న ఎంత తాగాడో చెప్పగలదు. వయసుకు తగిన మాటల్లో "నాన్నకు ఒక జబ్బుంది, డాక్టరు దగ్గర చూపిస్తున్నాం, అది నీ వల్ల రాలేదు" అని చెప్పాలి. సీసాలు దాచే పని, నాన్నను లేపి తీసుకొచ్చే పని, అమ్మకు గూఢచారి పని పిల్లల చేత చేయించకూడదు.

ఇంతవరకూ అతను అంటూ రాసినా, ఆడవాళ్లలో మద్యం, నిద్రమాత్రలు, నొప్పి మాత్రల వ్యసనం లేదని కాదు. వాళ్లను చికిత్సకు తీసుకొచ్చేవాళ్లు తక్కువ, దాచేవాళ్లు ఎక్కువ. అంతే తేడా.

మాల, యోగా, చెప్పకుండా కలిపే మందు

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టని మనిషి మన తెలుగు పేటల్లో ప్రతి వీధిలోనూ ఉంటాడు. దీక్షలోని క్రమశిక్షణ, తెల్లవారుజాము స్నానం, తోటి స్వాముల తోడు, ఇంట్లో దొరికే గౌరవం నిజంగా బలమైనవి, కౌన్సెలర్ వాటిని తేలిగ్గా తీసేయకూడదు. అయితే రెండు సంగతులు చూసుకోవాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషి మాల వేసుకున్న రోజే హఠాత్తుగా ఆపితే పైన చెప్పిన ఫిట్స్, మతిభ్రమ అతనికీ రావచ్చు, కనుక దీక్షకు ముందే డాక్టరు పర్యవేక్షణలో మానాలి. రెండోది, మాల తీసిన మర్నాడు ఏం చేస్తాడనేది దీక్షలో ఉండగానే తేల్చుకోవాలి. చాలామంది తీసిన రోజే మొదలుపెడతారు, ఎందుకంటే అన్ని రోజులూ మానినది స్వామి కోసం తప్ప తన కోసం కాదు. ఆ దీక్షాకాలంలోనే కౌన్సెలింగ్ మొదలుపెడితే, మాల తీసేటప్పటికి అతని చేతిలో మరో ఆధారం ఉంటుంది.

యోగా, ప్రాణాయామం, ధ్యానం నిద్రకూ ఆందోళనకూ తోడ్పడతాయి. నిమ్హాన్స్‌లో సమీకృత వైద్య విభాగమే ఉంది. కానీ ఇవి చికిత్సకు జోడింపులు, బదులు కావు. మానిన తొలి వారాల్లో పది రోజుల మౌన ధ్యాన శిబిరాలకు వెళ్లడం మంచిది కాదు, ఆ దశలో మనిషికి కావాల్సింది మందుల పర్యవేక్షణ, మాట్లాడే మనుషులు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది, అతనికి తెలియకుండా అన్నంలోనో సాంబారులోనో కలిపే పొడుల గురించి. "తెలియకుండానే మాన్పించండి" అనే ప్రకటనలు నమ్మి తెచ్చే వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి డైసల్ఫిరామ్ మాత్రలనే పొడి చేసి కలుపుతారు. ఆ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వచ్చి, రక్తపోటు పడిపోయి ప్రాణమే పోవచ్చు; ఆపేశాక కూడా రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉండవచ్చు. మనిషి ఒప్పుకుని, లివర్ పరీక్ష చేయించుకుని, మద్యం కలిసిన దగ్గు మందులకు సైతం దూరంగా ఉంటూ, డాక్టరు చెప్పినట్టు వాడితే అదే మందు కొందరికి బాగా పనిచేస్తుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి వేరే మందులూ ఉన్నాయి. దొంగచాటుగా కలపడం వల్ల పోయే నమ్మకం మాత్రం మళ్లీ ఏ సిట్టింగులోనూ తిరిగి రాదు.

డబ్బు, ఉద్యోగం

మానిన మొదటి నెలలోనే అప్పుల చిట్టా మొత్తం కాగితం మీద పెట్టాలి: ఫోన్ యాప్‌లలో తీసుకున్న అప్పు, చిట్టీ బాకీ, తాకట్టులో ఉన్న బంగారం, స్నేహితుల దగ్గర చేబదులు. తీర్చడం తర్వాత, చెప్పడం ముందు. ఏటీఎం కార్డు లాక్కోవడం కంటే, ఆరు నెలల పాటు జీతం ఎవరి ఖాతాలో ఉండాలి, రోజుకు చేతిఖర్చు ఎంత అనేది కౌన్సెలర్ ఎదుట ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే అవమానం ఉండదు. పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల కోసం కౌన్సెలింగ్ సదుపాయం ఉంటుంది. అందులో మాట్లాడిన వివరాలు సాధారణంగా హెచ్‌ఆర్‌కు చేరవు, అయినా మొదటి సిట్టింగులోనే గోప్యత షరతులు అడిగి తెలుసుకోండి. ఆరోగ్య బీమా విషయంలో చట్టం మానసిక అనారోగ్యాన్ని శారీరక అనారోగ్యంతో సమానంగా చూడమంటుంది గానీ, చాలా పాలసీల్లో మద్యం, మాదకద్రవ్యాల చికిత్సకు మినహాయింపు నిబంధన ఉంటుంది. చేరకముందే పాలసీ పత్రం చదవాలి.

మళ్లీ తాగితే

ఏ వ్యసనంలోనైనా మళ్లీ మొదలుపెట్టడం తరచుగా జరిగేదే. 2000 సంవత్సరంలో అమెరికా పరిశోధకుడు మెక్‌లెలన్ బృందం ప్రచురించిన సమీక్ష, చికిత్స తర్వాత 40 నుంచి 60 శాతం మంది ఏడాదిలోపు మళ్లీ వాడతారనీ, ఇది బీపీ, షుగర్ రోగులు మందులు, పథ్యం వదిలేసే స్థాయికి దగ్గరగా ఉందనీ చెప్పింది. కనుక దీన్ని ఇంటిల్లిపాదీ ముందే మాట్లాడుకుని, ఒక కాగితం మీద రాసుకోవాలి. మందులు మానేయడం, సిట్టింగులకు సాకులు చెప్పడం, పాత నంబర్ల నుంచి ఫోన్లు, కారణం లేని చిరాకు, "ఒక్క బీరుతో ఏమవుతుంది" అనే మాట, ఇవి ముందస్తు గుర్తులు. ఒకసారి జారితే అదే రోజు లేదా మర్నాడు కౌన్సెలర్‌కు ఫోన్ చేయడం, ఇంట్లో నిజం చెప్పడం, తిట్లు పడకపోవడం అనే మూడు షరతులు అందరూ ఒప్పుకుని ఉండాలి. చెబితే తిడతారనుకున్న మనిషి దాస్తాడు, దాచిన ఒక్క రోజు పది రోజులవుతుంది. కొన్ని రోజుల పాటు ఎక్కువగా తాగి ఉంటే మాత్రం ఇంట్లో మళ్లీ హఠాత్తుగా ఆపించకూడదు. ప్రతిసారీ మానినప్పుడు వచ్చే బాధలు ముందుకంటే తీవ్రం కావచ్చు, కనుక మళ్లీ ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

సిట్టింగులు తొలి మూడు నెలలు వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి, కనీసం ఏడాది పాటు నడవాలి. మూడో నెలలో అంతా బాగుందనిపించి మానేసేవాళ్లు చాలామంది. ఆపాలా వద్దా అనేది ఇంట్లో కాదు, కౌన్సెలర్‌తో కూర్చుని నిర్ణయించుకోండి.

ఊరికి వెళ్లేటప్పుడు

సంక్రాంతికి మడివాళలో బస్సెక్కి ఊరు చేరే ప్రయాణం, మానిన తొలి ఏడాదిలో అన్నిటికంటే కఠినమైన పరీక్ష. అక్కడ ముక్కా చుక్కా లేని పండగ లేదు. "ఏరా, బెంగళూరు వెళ్లి పెద్దోడివైపోయావా" అనే బావమరిది ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. తొలి ఏడాది పండగకు వెళ్లకుండా ఉండడంలో తప్పు లేదు. వెళ్లక తప్పనప్పుడు ఎన్ని రోజులు, ఎవరింట్లో పడుకోవాలి, ఏ సాయంత్రాలు బయటకు వెళ్లకూడదు అనేవి ముందు సిట్టింగులోనే అనుకోవాలి. తాగమన్నవాళ్లకు ఒకే వాక్యం తయారుగా ఉంచుకోవాలి: "లివర్‌కు మందులు వాడుతున్నాను బావా, డాక్టరు ముట్టొద్దన్నాడు." కారణాలు పెరిగేకొద్దీ వాదన పెరుగుతుంది, కాబట్టి అక్కడితో ఆపేయాలి. నిజం మొత్తం తెలిసిన మనిషి ఒకరు, అన్నో బాబాయో, ఆ ఊళ్లో ఉంటే వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పాలి. మందులు వెళ్లే రోజులకు సరిపడా కాదు, నాలుగు రోజులు ఎక్కువే సర్దుకోవాలి; డిశ్చార్జి పత్రం, తాజా మందుల చీటీల ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఉద్యోగం మారి ఊరికో హైదరాబాదుకో పూర్తిగా వెళ్లిపోయేవాళ్లు, అక్కడి సైకియాట్రిస్టు పేరు మీద లేఖ రాయించుకుని, అక్కడ మొదటి అప్పాయింట్‌మెంట్ ఖరారయ్యాకే ఇక్కడి ఫైలు ముగించాలి.